చిరునామా, మూడో వరుస

లక్డీకాపూల్ ఆఫీసు, నాలుగో అంతస్తు.
లిఫ్టు మూడు దాకే వస్తుంది,
ఆ పైన ఖర్చు మోకాళ్ల ఖాతాలో.

మార్చి ముప్పై ఒకటి లోపు
పదకొండు వేల రెండు వందల మంది సప్లయర్లను
పాత రిజిస్టర్లలోంచి కొత్త సిస్టమ్‌లోకి దాటించాలి.
పుట్టి ఒకటే. తెడ్డు నేనే.

ఒక మనిషికి ఒకే కోడ్, అన్నారు ట్రైనింగులో.
బేగంబజార్ కాగితాల సేటు మాత్రం
మా దగ్గర ఐదుగురై బతుకుతున్నాడు.
ఒకచోట గోవర్ధన్‌లాల్, ఒకచోట జి. లాల్,
ఇంకోచోట గోర్ధన్ లాల్ అండ్ బ్రదర్స్,
మరోచోట ఊరికే లాల్ సాబ్,
ఎవరి నిద్రమత్తులోనో ఒకసారి గోదావరి లాల్.
ఐదుగురినీ ఒక్కణ్ణి చేసేసరికి
డబ్బాలో ఉప్మా రాయైంది.

పాత రిజిస్టర్లో ఆఖరి గడి: రిమార్కులు.
నాకు ముందు ఇదే కుర్చీలో
పంతొమ్మిదేళ్లు కూర్చున్న హన్మాండ్లు గారు
ఆడిట్ వస్తే చెరపొచ్చని పెన్సిల్‌తో నింపారు.

“వానాకాలం ఇతని దగ్గర కాగితం కొనొద్దు. గోదాం కురుస్తది.”
“ఫినాయిల్‌ల నీళ్లు కలుపుతడు. అడిగితే ఒప్పుకుంటడు.”
“చెక్కు లేటైతే భార్య వస్తది. ముందుగాల నీళ్లియ్యి.”
“రంజాన్ నెల, నాలుగు దాటినంక ఫోన్ చెయ్యొద్దు.”
“కుర్చీలు ఆలస్యం. కానీ విరగవు.”

కొత్త సిస్టమ్‌లో రిమార్కుల గడి లేదు.
నొక్కితే కిందికి జారే జాబితా ఒకటుంది:
యాక్టివ్, ఇనాక్టివ్, బ్లాక్డ్.
మనిషి గురించి అడగాల్సినవి మూడే కాబోలు.

అమీర్‌పేటలో రైలు మారి వచ్చే ప్రాజెక్టు కుర్రాడు
ప్రణవ్, మంచివాడే,
“అదంతా లెక్కలోకి రాని డేటా మేడమ్, వదిలేయండి” అన్నాడు.
వదిలేద్దామనే అనుకున్నాను.

అప్పుడు కనిపించింది చిరునామా, మూడో వరుస.
మొదటి వరుస షాపుది, రెండోది గల్లీది,
మూడోది ఎవరూ నింపరు.
నలభై అక్షరాలు పడతాయి.
దాని లెక్కలో గుణింతమూ ఒక అక్షరమే,
ఒత్తుకైతే ఇంకా ఎక్కువ పన్ను.
ఒత్తులు తగ్గించి రాయడం నేర్చుకున్నాను.
గోదాం తడి. అడిగితే చెపుతాడు. ముందు నీళ్లు.
రాత్రి ఎనిమిదింటికి వాచ్‌మన్ లైట్లు ఆర్పేదాకా
హన్మాండ్లు గారిని ముక్కలుగా కోసి
ఖాళీ జాగాల్లో సర్దాను.

ఆర్డరు కాగితం మీద
చిరునామా మొత్తం అచ్చవుతుందని
నాకెవరూ చెప్పలేదు.

ఏప్రిల్ రెండో వారం
జాంబాగ్ నుంచి కుర్చీల ఇలియాస్ సాబ్
ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.
కాగితం బల్ల మీద పరిచి
తన పేరు కింద వేలు పెట్టాడు.
“మా పిల్లగాడు చదివి చెప్పిండు. ఎవరు రాసిన్రమ్మా ఇది?”
నా కళ్ల ముందు మెమో ఒకటి ఆడింది.
హన్మాండ్లు గారని చెప్పాను.
కాసేపు ఏమీ అనలేదాయన.
వంగి, నా కుర్చీ కాలు అతుకును
బొటనవేలితో ఒకసారి నొక్కి చూశాడు.
“ఉన్నడా సాబ్?”

తెలీదు.
పెన్షన్లది వేరే సిస్టమ్.
దానికీ మాకూ మాటల్లేవు.

పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు.
“రెండో మాట ఉండనియ్యి. మొదటి మాట తీసెయ్యమ్మా.
ఈసారి టైముకు తెస్త, ఖసమ్ సే.”

తీసేయబోతే సిస్టమ్ కారణం అడిగింది.
జాబితాలో వెతికాను.
“మాట ఇచ్చాడు” అన్నది లేదు.
“ఇతరములు” నొక్కాను.

ఇవాళ జూన్ ఆరు.
ఇరవై నాలుగు కుర్చీలు ఇంకా రాలేదు.
విరగని దాని మీద కూర్చుని
ఎదురుచూస్తున్నాను.