ఒక్కసారే కరగనివ్వాలి

మైనస్ ఎనభై దగ్గర
వేలికీ గాజుకీ తేడా ఉండదు.
రెండు జతల గ్లౌజులు తొడుక్కుని ఫ్రీజర్ తలుపు తీస్తాను.
యాభై రెండేళ్ల నాటి చలికాలం ఒకటి
తెల్లగా జారి నా బూట్ల మీద పడుతుంది.

పెట్టె నంబరు పద్నాలుగు. ఊరు హిర్విసాల్మి,
ఫిన్లండ్ తూర్పు అంచున, చెరువుల మధ్య.
ఎనభై ఒక్క గొట్టాలు,
ఒక్కోదాంట్లో అరచెంచా సీరం, ఎండుగడ్డి రంగు.
పేర్లుండవు. అంకెలే.
ఏడు అంకెకి నడుమ అడ్డగీత పెట్టే అలవాటు
అమ్మది.

ఆ ఫిబ్రవరిలో బడి వ్యాయామశాలలో బల్ల వేసుక్కూర్చుంది
నర్సు వియెనో, మా అమ్మ.
ఎదురుగా చొక్కా చేతులు మడిచిన వరస.
గొడ్డలికి జంకని మనుషులు
సూదిని చూసి గోడవైపు తిరిగారు.
ఆ ఊళ్లో నలభై దాటిన మగవాడు
కొత్త కోటు కుట్టించుకునే ముందు
ఒకసారి ఆలోచించేవాడు.
ఎందుకిలా పోతున్నారో రక్తాన్నే అడుగుదామని
పట్నం నుంచి డాక్టర్లొచ్చారు.
పరగడుపున రమ్మన్నారు.

మా నాన్న ఒస్మో
చెట్టు బెరడు కలిపిన రొట్టె తిన్న తల్లికి పుట్టినవాడు.
ఆయనకి వెన్న తిండి కాదు,
బతికి బయటపడ్డామన్న రసీదు.
కొరికితే పన్ను అచ్చు పడేంత మందంగా రాసుకునేవాడు.
ఆ పొద్దున కూడా.

"ఏమైనా తిన్నావా?" అంది అమ్మ,
పరాయి మనిషిని అడిగినట్టు.
"లేదు" అన్నాడు,
మీసం మీద రొట్టెపొడితో.

ఇదిగో, ఈ ఒక్క గొట్టంలోనే
పైన తెల్లటి తెర.
మీగడ కట్టిన రక్తం.
దొంగతనంగా తిన్న ఒక ఫలహారం
ఇప్పటికీ అరగలేదు.

కొలెస్టరాల్ నాలుగొందల పది.
మా ఇంట్లో ఆ అంకె ఎవరూ పైకి అనలేదు.
బల్ల మీద వెన్న గిన్నె చిన్నదైంది.
కట్టెల కొట్టంలో ఇంకోటి పుట్టింది.
రెండో ఏడు మే నెలలో
వల లాగుతూ లాగుతూ పడవలో కూర్చుండిపోయాడు.
నలభై నాలుగేళ్లు.
పడవే తెలిసినదానిలా రెల్లులోకి వచ్చి ఆగింది.

సోమవారం అమ్మ పక్క ఊరికి సూదులు మోసుకెళ్లింది.
గుండె రాయి చేసుకుందన్నారు.
నేను రాయి అయిన గుండెలు చూశాను, పని చోట,
ధమని గోడలో పేరిన సున్నం.
అది ఒక్క రోజులో జరిగేది కాదు.
నొప్పి లేకుండా, ఏ వంటింట్లోనూ చప్పుడు కాకుండా
ఏళ్లకేళ్లు పడుతుంది.

ఇప్పుడు కొత్త పిల్ల ఐనిక్కి
ఈ పాత సీరంలో కొత్త కొవ్వుకణం ఒకటి కొలవాలంటోంది,
తండ్రి నుంచి బిడ్డకి దిగేదట.
నావైపు చూడకుండానే చెప్పింది. ఆమెకి తెలియదు.
నియమం ఒక్కటే:
ఒక్కసారే కరగనివ్వాలి. మళ్లీ గడ్డకట్టించకూడదు.

మంచుముక్కల మీద పెట్టాను. నాలుగు గంటలు.
చేత్తో పట్టుకోవాలనిపించింది,
అరచేతి వేడికే పాడవుతుంది.

తెర మీద పాత రిజిస్టరు పుట.
పరగడుపు అన్న గడిలో
అందరికీ "అవును".
ఒక్క చోట, అడ్డగీత ఏడు పక్కన,
"అవునంటున్నాడు".

కంప్యూటరుకి అలాంటి మాట లేదు.
అవును. కాదు. రెండే.
"కాదు" నొక్కాను.
క్షమించు నాన్నా, ఇది లెక్క.

యంత్రం పది చుక్కలు తాగి
గ్రాఫులో కుడివైపు చివర,
మిగతావాళ్లకి దూరంగా,
ఒక చుక్క పెట్టింది.

గొట్టం అడుగున తెల్లటి వలయం మిగిలింది.
కడగకూడదు. పసుపు సంచిలో వేయాలి.
వేశాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో
చేతిలో రొట్టె, ముందు రెండు గిన్నెలు.
వెనక వరస పెరుగుతోంది.
ఎవరో దగ్గారు.