గుప్పిట

ఆ ఆగస్టులో కోపెన్‌హాగెన్‌కి మంచి ఎండలొచ్చాయి.
పిల్లలు సముద్రంలో ఈదులాడి
తలనొప్పితో ఇంటికొచ్చారు.
మర్నాడు కాలు లేవలేదు.
ఆ మర్నాడు చెయ్యి.
ఆపైన, ఊపిరి.

ఊపిరాడించే ఇనప్పెట్టె మా ఆస్పత్రికి ఒకటే.
దాని ముందు వరస కట్టించడానికి
వాళ్ళు రేషను కోసం వచ్చినవాళ్ళు కాదు.

ఆపరేషన్ గదిలో మత్తిచ్చేవాళ్ళు రోజూ చేసే పనే
ఒకనాడు వార్డులోకి నడిచొచ్చింది.
గొంతు కింద చిన్న కోత,
కోతలో గొట్టం, గొట్టం చివర రబ్బరు సంచి.
నొక్కాలి. వదలాలి.
"ఎంతసేపు?" అన్నాడు ఐగిల్.
"తనంతట తను పీల్చుకునేదాకా" అంది పెద్ద నర్సు.
"అదెప్పటికి?"
ఆవిడ గడియారం వైపు చూడలేదు.
కాలెండరు వైపు చూసింది.

నాకప్పుడు ఇరవై రెండు.
ఎముకల పేర్లన్నీ వచ్చు, మనిషిని ముట్టుకోవడం రాదు.
సైకిలు గోడకానించి, చేతులు కడుక్కుని
పదకొండేళ్ళ విబెకె తలాపున కూర్చున్నాను.
రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడుదాకా
ఆ పిల్ల ఊపిరితిత్తులు నా కుడిచేతిలో.

ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని, అంటారే
పారిపోయేవాడి గురించి చెబుతూ,
గుప్పిట్లో ఉన్నది నీ ప్రాణం కానప్పుడు
పరిగెత్తడానికి ఉండదు.
కుర్చీలోంచి లేవడానికే ఉండదు.

ఆమె వదిలిన గాలిని వడగట్టే సున్నం డబ్బా
నా అరచేతి పక్కనే వేడెక్కేది.
అర్ధరాత్రి దాటాక ఆ వార్డులో వెచ్చనిది అదొక్కటే.
చెయ్యి మార్చుకోవడానికి ఒక ఊపిరి వ్యవధి.
తుమ్మొస్తే మింగేశాను.

గొట్టమున్న గొంతులో మాట పలకదు.
కాబట్టి ఇద్దరం ఒక భాష చేసుకున్నాం.
కనుబొమ్మ ముడిస్తే, చాల్లేదు, ఇంకొంచెం.
నాలుక టక్కుమంటే, దాహం.
రెండుసార్లు రెప్ప వేస్తే, కథ.
ఒళ్ళో పుస్తకం, ఎడమచేత్తో పేజీలు.
మంచులో తప్పిపోయిన మేకపిల్ల కథని
ఎన్ని రాత్రులు చదివానో లెక్కలేదు.

నాలుగో మంచం దగ్గర ఐగిల్.
అతని పిల్లాడు పాలె, అయిదేళ్ళవాడు.
ఒక తెల్లవారుజామున నర్సు వచ్చి
వాడి కంట్లో లైటు వేసి చూసి
ఐగిల్ భుజం మీద చెయ్యి వేసింది.
అతనింకా నొక్కుతూనే ఉన్నాడు.
వేళ్ళు ఒక్కొక్కటే ఆవిడే విప్పాల్సి వచ్చింది.
మర్నాటి రాత్రి రాడనుకున్నాను.
వచ్చాడు. వేరే మంచం దగ్గర కూర్చున్నాడు.

మాకు డబ్బులిచ్చారు, షిఫ్టుకింతని.
ఆ డబ్బుతో నేను చలికాలం బూట్లు కొనుక్కున్నాను.
చెప్పకుండా వదిలేస్తే బాగుండేదేమో.

అంతకుముందు ఆ స్థితిలో పదిమంది వస్తే
ఇంటికెళ్ళేది ఒకరో ఇద్దరో.
ఆ శిశిరంలో లెక్క తిరగబడిందని
తర్వాతెప్పుడో పత్రికల్లో చదివాను.
అప్పుడు మాకు తెలిసిన లెక్క ఒకటే,
నొక్కాలి, వదలాలి.

ఆనక మోటారొచ్చింది,
ఆవలించనిది, బూట్లడగనిది.
ఆ వార్డు లాంటి గదులు
దేశదేశాల ఆస్పత్రుల్లో వెలిశాయి.
వాటి గాజు తలుపుల బయట నిలబడ్డప్పుడల్లా
నా కుడిచెయ్యి జేబులో దానంతటదే ముడుచుకుంటుంది.
కీళ్ళవాతం, అంటాడు మా డాక్టరు.

ఫిబ్రవరిలో విబెకె గొట్టం తీశారు.
కోత మీద వేలు అదిమిపెట్టి
తను నాతో అన్న మొదటి మాట
కృతజ్ఞతేం కాదు.
"మేకపిల్ల దగ్గరికొచ్చేసరికి
నువ్వు గబగబా నొక్కేదానివి.
నాకు ఆయాసమొచ్చేది."