గంటన్నర పొద్దు

బార్కస్‌ల హరీస్ బండి కాడ
ఇప్పుడే లైట్లేసిన్రు.
మస్కట్‌ల ఇంకా గంటన్నర పొద్దున్నది.

శుక్రవారం. కుంజుమోన్ ఫోన్ చేస్తడు,
మత్రా కట్ట మీద నడుచుకుంట
నాకు సముద్రం చూపిస్తడు.
"జర ఎడమకు తిప్పన్నా" అంట.
కట్టేసిన పడవలు, కొండ మీద కోట,
పదహారేండ్లు నేను
మంచుగడ్డలు మోసిన మార్కెట్ మెట్లు.
వాసనొక్కటే రాదు.
దానికింకా రీఛార్జ్ రాలే.

ఆరు రోజులు ఆ నీళ్లంటే
చేపల కింది తడి, చెప్పుల్ల జారుడు.
ఏడోనాడే సముద్రమయ్యేది.

"నా బెంచీ?"
మూడోది. రైలింగుకు రంగు మారింది.
ఎవడో పిల్లగాడు కూసున్నడు,
ఒళ్లె కాయితం, కాయితంల బజ్జీలు.
"ఏ ఊరు తమ్మీ?"
కోరుట్లనట. వచ్చి పదకొండు రోజులట.

చానా చెప్పాలనుకున్న:
మేస్త్రీ నోటి సంగతి, ఎండల తలగుడ్డ,
ఇంటికి ఫోన్ల అబద్ధమాడే తీరు.

"గాలి ఇప్పుడు కుడికెల్లి మర్లుతది,
కాయితం గట్టిగ పట్టుకో" అన్న.

పట్టుకున్నడు.
గాలొచ్చింది.

ఇక్కడ నా గిన్నెల
హరీస్ మీద నెయ్యి పేరుకున్నది.