మోకాలి లోతున

వుడిన్నా దాటాక, గోధుమ చేల నడుమ,
రోడ్డుకు ఎడంపక్క ఆ రాయి.
పైన బోడిగుండు, కింద లోపలికి పీక్కుపోయిన డొక్క.
విరిగిపడబోయి ఆగిన అల అంటారు.
కార్లు ఆపి ఫొటోలు దిగుతారు.
గాలి చెక్కిందని పిల్లలకు చెబుతారు.

నేనూ అదే అనుకున్నాను మూడేళ్ళు,
ఆ దారినే మట్టి నమూనాల సంచులు మోస్తూ.

డెస్మండ్ నోస్కే గ్రేడర్ నడుపుతాడు.
ఆగస్టులో వాన వెలిసిన మర్నాడు
పక్కకాలవ లోతు చేస్తూ నన్ను కేకేశాడు.
జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి
రాతి పాదాన, నేలకు మోకాలి లోతున
గుచ్చాడు.
పిడి దాకా దిగింది,
ఉడికిన చిలగడదుంపలోకి దిగినట్టు.

గోటితో గీకితే రాలింది:
గులాబిరంగు గింజలు, తెల్లటి బంక,
అక్కడక్కడా కాకిబంగారం తళుకు.
నా నోట ఆ మాట దానంతటదే వచ్చింది.
మొరం.
ఏమన్నావ్, అన్నాడు. మళ్ళీ అన్నాను.
నాలుక మీద అటూ ఇటూ దొర్లించి
మెత్తటి మాటే, అన్నాడు.
మా వైపు దాని మీద రోలరు ఎక్కిస్తాం, అన్నాను.

గాలి కాదన్న మాట.
గుండు మీంచి జారిన వాన
పాదం దగ్గర మట్టిలోకి ఇంకి,
ఎండకు దొరక్కుండా అక్కడే తిష్ఠవేసి,
గింజకీ గింజకీ ఉన్న చుట్టరికాన్ని
కూర్చుని, ఓపిగ్గా, తెంచింది.
మట్టి ఆ తర్వాతెప్పుడో కొట్టుకుపోయింది.
ఫొటోలో పడే అల
చీకట్లో ఏనాడో ముగిసిన పని.

డెస్మండ్ వెనక్కి తిరిగి తూముకేసి చూశాడు.
వాళ్ళ నాన్న వేసిన తూము.
అరవై ఏళ్ళుగా రోడ్డు నీళ్ళన్నీ
తెచ్చి ఈ రాతి కాళ్ళ దగ్గరే పోస్తోంది.
"అయితే మా ముసలాయన కూడా
దీన్ని కాస్త చెక్కినట్టేనా?"
లెక్క కట్టాను. గోరు మందం కూడా తేలలేదు.
కాస్త, అన్నాను.

కాలవ పూడ్చి, నాలుగడుగులు ఎడంగా తవ్వాం.
రిపోర్టులో రాశాను: మెత్తన, తడి ఎక్కువ,
బరువు మోయదు.
అప్పుడు గుర్తొచ్చింది,
పసుప్పచ్చ పిడి స్క్రూడ్రైవర్
లోపలే ఉండిపోయిందని.
మళ్ళీ తవ్వనా, అంటే
వద్దులే అని గ్రేడర్ ఎక్కాడు.
మట్టి పోయాక
ఎవరికో ఒకరికి దొరుకుతుందిగా.