మూడో మంచం కాగితం

పలాసలో మంచం ఖాళీ లేదన్నారు.
మొదటి బస్సెక్కితే
సోంపేట చేరేసరికి తెల్లారుతుంది.
మంగళ, గురు, శని.
వారానికి నాకిప్పుడు మూడే రోజులు,
మిగతా నాలుగూ వాటి నీడలు.

మెషీను తిరుగుతుంటే ఢిల్లేశ్వరరావు
నా నెత్తుటి కాగితం చదువుతాడు
శుభలేఖ చదివినట్టు, పేరుపేరునా:
"ఫాస్పరస్ ఏడు. పొటాషియం ఐదున్నర.
కాల్షియం తగ్గిందమ్మా.
ట్రైగ్లిజరైడ్లు మూడొందలు."
అదేటి బాబూ?
"కొవ్వు. రక్తంలో కొవ్వు."

నవ్వొచ్చింది.
నిరుడు కుట్టించిన జాకెట్టుకి
రెండుసార్లు లోపలి కుట్టు వేశాను.
కుడిచేతి గాజులు మోచేతి దాకా జారతాయి.
ఎడమచేతికి గాజుల్లేవు, అక్కడ ఫిస్టులా
కందిరీగని మూసిపెట్టినట్టు జుయ్యిమంటుంది.
నలుగురికీ కలిపి నెలకో నూనె ప్యాకెట్టు.
ఒంటిమీద లేని కొవ్వు
నెత్తుట్లో ఎక్కడ దాక్కుంది?

"కిడ్నీ పనిచెయ్యకపోతే
లెక్కలు తప్పుతాయమ్మా" అన్నాడు.
లెక్కలు తప్పడం నాకు కొత్త కాదు.
పదహారేళ్ళు జీడి ఫ్యాక్టరీలో
కిలోకింతని పొట్టు తీశాను,
తూకం ఎప్పుడూ సేటు వైపే మొగ్గేది.

ఎముకల్లో ఉండాల్సిన సున్నం
అక్కడ నిలవక
రక్తనాళాల గోడలకి పూత పూస్తోందట.
పండక్కి ఇంటికి వెల్ల వేస్తామే, అలాగ.
లోపల ఏ పండగొస్తోందో.

దురద మాత్రం పాత చుట్టమే.
జీడి రసం అంటుకుని చేతులు పొక్కినప్పుడు
బూడిద రాస్తే తగ్గేది.
ఈ దురద చర్మం కింద ఉంది.
బూడిద అక్కడికి చేరదు.

నాలుగో మంచం నీలాచలం
కవిటి తోటల్లో కొబ్బరి చెట్లెక్కేవాడు,
రోజుకి నలభై.
"ఎన్ని బొండాలు దింపానో లెక్క నేదక్కా.
ఇప్పుడొక్కటి తాగితే
గుండాగిపోద్దంటన్నారు" అని
ఐసుముక్క నాలిక కింద పెట్టుకున్నాడు,
ఇంటికి తాళం వేసి చెవి దాచుకున్నట్టు.

తోటకూర రెండు నీళ్ళు వార్చు. ఎండుచేప వద్దు.
పప్పు తగ్గించు. పనసపండు వాసన చూడు, చాలు.
బిళ్ళ అన్నంతో పాటే మింగు,
ముందూ కాదు, తరవాతా కాదు.
మా అత్త పెట్టని ఆంక్షలు
నా నెత్తురు పెట్టింది.

మొన్న ఫ్యాక్టరీవాళ్ళు
నేను మానేశానని మరిచిపోయారో ఏమో
బోనస్సని అరకిలో పొట్లం పంపారు.
బద్దలు కావు, గుండ్లు.
పదహారేళ్ళలో మొదటిసారి.
వార్డుకి తెచ్చాను.
పన్నెండు మంచాలు.
అందరూ చూశారు, ఒకావిడ వాసన చూసింది.
నీలాచలం ఒక పప్పు తీసుకుని
అటూ ఇటూ తిప్పి
మళ్ళీ పొట్లంలో వేసేశాడు.

తిరుగు బస్సులో కండక్టరుకిచ్చాను.
గుప్పెడు నోట్లో పోసుకుని
"ఉప్పేసి వేపాల్సిందమ్మా" అన్నాడు.

ఈసారి చూద్దాం అన్నాను.