ఊక బూడిద గీతలు

రామీరో అనడానికి నోరు తిరగక
మా యానాంలో ఆయన్ని రామయ్య మేష్టారనేవాళ్ళం.
పరాగ్వే నుంచి వచ్చాడు. అదెక్కడుందని సంగాడి ధర్మయ్య అడిగితే
మ్యాపు తెమ్మనలేదు,
వచ్చీరాని ఇంగ్లీషులో, చేతుల్తో,
"మీ ఊరిలాగే. నది ఉంటుంది, సముద్రం ఉండదు" అన్నాడు.
సముద్రం లేని దేశం కూడా ఒకటుంటుందని
వేటకెళ్ళేవాళ్ళ పిల్లలం అందరం ఆ రోజు జాలిపడ్డాం.

రొయ్యల మేత కంపెనీ వాళ్ళు తెప్పించారు ఆయన్ని,
మేం కప్పు కొడితే బస్తాల మీద బొమ్మ వేసుకుందామని.
అరవై నాలుగేళ్ళు. కుడి మోకాలు వంగదు.
మెట్లెక్కేటప్పుడు ఆ కాలిని
మొండి దూడని లాగినట్టు లాక్కునేవాడు.

ఆడిన రోజుల గురించి అడిగితే వేళ్ళు చూపించేవాడు:
పదకొండు.
ఏళ్ళు కాదండి, గోల్స్ కాదండి,
దేశం చొక్కా వేసుకుని మైదానంలో ఉన్న నిమిషాలు.
డెబ్భై తొమ్మిదో నిమిషంలో దిగి
బంతిని మూడుసార్లు తాకాడట.
ఒకటి వెనక్కి, ఒకటి పక్కకి,
మూడోది...
ఇక్కడికొచ్చేసరికి బీడీ అడిగేవాడు.

ఆ తర్వాత మోకాలు. ఆ తర్వాత కోచింగు.
ఆరు దేశాలు, తొమ్మిది క్లబ్బులు.
తీసేసిన కాగితాలన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాడు,
మా అమ్మ రేషన్ కార్డు దాచుకునే లాంటి డబ్బాలోనే.
ముసురు పట్టి ప్రాక్టీసు లేనప్పుడు
ఒక్కొక్కటీ తీసి వాసన చూసేవాడు.
ఒకటి కొండ మీద ఊరిది, అక్కడ గాలి పల్చన, బంతి ఆగదట.
ఒకటి గెలిచిన మర్నాడే ఇచ్చారు.
ఒకదాని మీద సంతకం తోడల్లుడిది.
దానికి మాత్రం నవ్వేవాడు.

మాకేం నేర్పాడంటే, చెప్పుకోడానికి పెద్దగా లేదు.
మొదటి వారం బంతే ఇవ్వలేదు.
మైదానం చుట్టూ నడిపించాడు, చెప్పుల్లేకుండా, రెండు పూటలా.
నాలుగో రోజుకి అరికాళ్ళకి తెలిసింది:
గౌతమి వైపు గోలు జానెడు పల్లం.
పుట్టిన దగ్గర్నుంచీ అక్కడే ఆడుతున్నాం, ఒక్కడికీ తెలీదు.
"మొదటి సగం ఓపిక పట్టండి,
రెండో సగం పల్లానికి ఆడండి."
ఆయన వ్యూహం మొత్తం ఇంతే.
దీనికి నెలకి లక్షా ఇరవై వేలా అని
మా నాన్న చాన్నాళ్ళు తిట్టుకున్నాడు.

సెమీస్‌లో కాకినాడ వాళ్ళ మీద
మొదటి సగం ఓపిక పట్టాం.
మూడు గోల్స్ ఓపిక పట్టాం.
రెండో సగానికి అమావాస్య పోటు ఎగదన్ని
పల్లం వైపు గోలు ముందర చీలమండ లోతు నీళ్ళు.
పెమ్మాడి కాశీ కొట్టిన బంతి
గీత దాకా వెళ్ళింది, తేలింది,
తాడు తెగిన నావలా మెల్లగా మా వైపే తిరిగొచ్చింది.

మర్నాడు కంపెనీ డ్రైవరు కాగితం తెచ్చాడు.
పైన రొయ్య బొమ్మ.
మేష్టారు విప్పలేదు, అరచేతిలో బరువు చూశాడంతే.
బస్సుకి ఇంకా మూడు గంటలుంది.
రైసుమిల్లు నుంచి బకెట్టుతో ఊక బూడిద తెచ్చి,
వంగని కాలు పక్కకి చాపి,
మేకుకి నులక తాడు కట్టి
మధ్య సున్నా గీయడం మొదలెట్టాడు.
ఆ రోజు ఆట లేదు. ఆ వారమంతా లేదు.
తాడు రెండో కొస నేను పట్టుకున్నాను.
మూడో బంతి సంగతి మళ్ళీ అడిగాను.
"ఇచ్చాను. తీసుకున్నవాడు బాగా ఆడాడు" అన్నాడు.
తీసుకున్నవాడు తనవాడో, అవతలివాడో
చెప్పలేదు.

ఇప్పుడు తాళ్ళరేవులో ఆడపిల్లల జట్టుకి నేను కోచిని.
మొన్న నాలుగు సున్నా.
ఇంటికొచ్చి అటక మీద చెయ్యి పెట్టి తడుముతుంటే
"ఏం కావాలి?" అంది మా ఆవిడ.
బిస్కెట్ల డబ్బా అన్నాను.
అడుగున నాలుగున్నాయి, మెత్తబడిపోయి.
నిలబడే తినేసి, డబ్బా తుడిచి పెట్టాను.