పావు తిప్పు

సడ్‌బరీలో నవంబరు. షెడ్డు రేకు మీద వడగళ్ళు.
మార్కర్‌ని బల్ల మీద పెట్టి
"రాత్రంతా బుసకొడుతూనే ఉంది" అన్నాను,
కుక్కపిల్లకి జ్వరమన్నట్టు.

ఎయినో చెవుల్ని నికెల్ గని ఎప్పుడో తినేసింది.
బుస వినపడదు ఆయనకి.
కింది పెదవి తడిచేసుకుని
గొట్టం మూతికి దగ్గరగా వంగాడు.
చల్లగా తగిలినట్టుంది.
"వాల్వే" అన్నాడు.

విప్పితే, కప్ సీల్ అంచున
గోటితో గీరినంత గాటు.
ఇంతదానికా సిలిండరు సిలిండరే ఖాళీ!
కొత్తది వేశాడు. బొట్టు నూనె, స్ప్రింగు, హ్యామరు,
పిన్ను —
అది కిందపడితే పావుగంట
ఇద్దరం మోకాళ్ళ మీద.

ఇక ట్రిగ్గరు.
శనివారం టిమ్మిన్స్ వాళ్ళతో ఆట,
తాకితే చాలు పేలాలన్నాను.
నా పెదాలు చదివి
అలెన్ కీ నా చేతికే ఇచ్చాడు.
తిప్పాను. ఇంకా తిప్పాను.
వెంట్రుకవాసి మిగిలింది.
బల్లకి మోచెయ్యి తగిలిందో లేదో
దానంతటదే రెండు గోళీలు ఉమ్మేసింది.
గోడకి వేలాడుతున్న ఆయన గని కోటు మీద
పసుపు, పక్కనే ఇంకో పసుపు.

తిట్టలేదు. నవ్వనూ లేదు.
"వెనక్కి. పావు తిప్పు. ఇంకో పావు.
వేలికి మనసు మార్చుకునే చోటుండాలి, ఒడెట్."

క్రోనో ముందు మూడుసార్లు కాల్చాం:
రెండువందల డెబ్భై ఎనిమిది, మళ్ళీ అదే,
మూడోసారి రెండు తక్కువ.
"బుస ఆగిందా?" అనడిగాడు.
చెవి ఒగ్గాను. వడగళ్ళు కూడా ఆగిపోయాయి.
ఆయన వైపు పూర్తిగా తిరిగి,
పెదాలు బాగా కనపడేలా
ఆగిందన్నాను.